ప్రహరీ లోపలి దీపం

మా ముత్తాతగారికి దివాణంలో కుర్చీ ఉండేది. ఇందులో గొప్పేముందో ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. ఇప్పుడు చెప్పుల దుకాణంలోకి వెళ్ళినా కుర్చీ వేస్తారు. ఆ రోజుల్లో దివాణం గడప తొక్కినవాళ్ళలో చాలామంది నిలబడేవారు, కొద్దిమంది చాప మీద కూర్చునేవారు. ముత్తాతగారు మాత్రం చేతుల కుర్చీలో, వీపు ఆనించకుండా కూర్చునేవారట. ఆనిస్తే అలసిపోయాడనుకుంటారని. తాతగారు ముప్ఫై ఏళ్ళు ఊరి మునసబు. మా అరుగు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకునేవారు. దాన్ని మేము గౌరవం అనుకున్నాం. వాళ్ళేమనుకున్నారో అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. నాన్నగారు సహకార సంఘానికి రెండుసార్లు ప్రెసిడెంటు. మూడోసారి ఓడిపోయి, ఆ ఓటమిని గెలుపుల కంటే ఘనంగా జరిపారు. ఆ ఖర్చుకు తూర్పు తోట పోయింది.

నేను మామిడి మార్కెట్ యార్డులో ఇరవై ఎనిమిదేళ్ళు గుమాస్తాగా చేశాను. బంధువులు అడిగితే మా అమ్మ "యార్డు చూసుకుంటున్నాడు" అనేది. అందులో అబద్ధం లేదు, రోజూ చూస్తూనే ఉండేవాణ్ణి. ఇప్పుడు అరవై మూడేళ్ళు. నూజివీడుకు ఆటోలో పావుగంట దూరంలో ఉన్న మా ఊళ్ళో పెంకుటిల్లు, దాని చుట్టూ ప్రహరీ, ప్రహరీలో కాయలు పోసుకునే ఒక రేకుల షెడ్డు, వెనక రెండెకరాల తోట మిగిలాయి. నేనూ మా ఆవిడా ఉంటాం. దస్తూరి బాగుంటుందని ఊళ్ళోవాళ్ళు నాచేత అర్జీలు రాయించుకుంటారు. డబ్బు తీసుకోను. తీసుకుంటే అది వృత్తి అవుతుంది.

తాతగారు మాకు రెండు నియమాలు పెట్టి పోయారు. ఒకటి, పడమటి గోడ పక్కనున్న చిన్నరసం చెట్టు కాయ అమ్మకూడదు. తోటంతా పూత మీదే వ్యాపారికి గుత్తకిచ్చినా ఆ ఒక్క చెట్టు గుత్తలో కలవదు. దాని కాయ గడ్డిలో మాగేసి ఊళ్ళో ఇంటింటికీ పంపాలి. ఎంత గొప్ప ఇంటికైనా మా పండే ముందు వెళ్ళాలి. రెండు, మా ప్రహరీ లోపల చీకటి ఉండకూడదు. ఊరికి కరెంటు వచ్చిన ఏడాది మొదటి మీటరు మా గోడకే బిగించారు. ఆ సాయంత్రమే తాతగారు, ఆ చెట్టు కింద తోట కాపలా కుటుంబం ఉండే పెంకుటిగదికి మా మీటరు నుంచే తీగ లాగించారట. నీ దీపానికి నువ్వు డబ్బు కట్టడం మాకు తలవంపులురా అన్నారట. అప్పటినుంచి ఆ గది బల్బు బిల్లు మాదే. ఊరి బడికి ఇచ్చే బహుమతులు నాన్నగారి హయాంలో ఆగాయి, సంక్షేమ హాస్టలుకు పంపే బియ్యం నా హయాంలో ఆగాయి. మా వంశం చేసే దానాల్లో చివరికి మిగిలింది ఒక బల్బు.

ఆ గదిలో ఇప్పుడు ఉండేది కాపలా కాసినాయన భార్య. ఆయన పోయి చాలాకాలమైంది. ఊరంతా ఆవిణ్ణి తోటమామ్మ అంటారు. డెబ్బై దాటాయి. కాయను చేత్తో పట్టుకోకుండానే, ఇది నాలుగు రోజులకు పండుతుంది, ఇది ఆరు రోజులకు అని చెప్పగలదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్తుంది. మిగతా ఆరు రోజులూ ఎవరి మాటా వినదు. పెన్షన్ మీద బతుకుతుంది. బియ్యం, బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, చర్చిలో కానుక, మహిళల పొదుపు సంఘంలో కొంచెం.

మొన్న ఏడాది జూన్ ఒకటో తారీఖున గ్రామ సచివాలయం ఉద్యోగి పెన్షన్లు పంచుతూ మా వీధికి వచ్చాడు. తోటమామ్మ వేలిముద్ర వేయడానికి చెయ్యి కడుక్కుని నిలబడింది. అతను మిషన్ చూసి, "నీది ఈ నెల రాలేదు మామ్మా" అని పక్కింటికి వెళ్ళిపోయాడు. ఆవిడ నేరుగా మా పెరటి వసారాలోకి వచ్చింది.

"బాబుగారూ, నన్ను పెద్దరైతుని చేసేశారండి."

"ఏమైంది మామ్మా?"

"పింఛను ఆపేశారు. నేను కరెంటు తెగ కాల్చేస్తన్నానంట. మూడొందల యూనిట్లు దాటేశానంట."

మా ఆవిడ పప్పు రుబ్బడం ఆపి చూసింది. "నువ్వా?"

"ఇన్నేళ్ళు బతికానుగానీ అమ్మగారూ, యూనిట్టంటే ఎట్టా ఉంటదో చూళ్ళేదు. పొడుగ్గా ఉంటదా, గుండ్రంగా ఉంటదా? నా గదిలో ఉన్నది ఒక బల్బు, ఒక ఫ్యాను. ఫ్యాను కూడా కర్రతో ఒకసారి తోస్తేగానీ తిరగదు."

నేను నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు.

"రెండు నెలలు చూస్తానండి. రాకపోతే చింతలపూడి పోవాలి, అల్లుడింటికి. అల్లుడు మంచోడే. ఆ మంచితనం ముందర కూర్చుంటే ముద్ద దిగదు."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నేనుండగా నువ్వెక్కడికీ వెళ్ళవు. అర్జీ రాస్తాను."

మర్నాడు సచివాలయానికి వెళ్ళాను. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి నూజివీడులోనే ఇంజనీరింగు చదివింది. మర్యాద తెలిసిన పిల్ల. ఆవిడ ఎదుట ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. దాని మీద ఫైళ్ళున్నాయి. నిలబడ్డాను.

"సార్, మామ్మగారి ఆధార్ మీ మీటరు నంబరుకి మ్యాప్ అయి ఉందండీ. మీ మీటరు ఆరు నెలల సగటు మూడు వందల యూనిట్లు దాటింది. దాటితే ఆ మీటరు మీదున్నవాళ్ళకి పెన్షన్ రాదండీ."

"మా ఇంట్లో ఇద్దరమే ఉంటాం."

"షెడ్డు కూడా మీ మీటరు మీదే కదండీ."

నిజమే. తోట గుత్తకు తీసుకునే వ్యాపారికే షెడ్డు అద్దెకిస్తాం. సీజనులో పగలూ రాత్రీ కాయలకు గాలి తగలాలని పెద్ద ఫ్యాన్లు పెడతాడు. ఆ అద్దె మా ఇంటి రాబడిలో సగం. నా వెనక క్యూలో ఉన్న ఒకాయన తన పక్కాయనతో, "బంగినపల్లికి ఉక్క పోసిందని మామ్మ పింఛను తీసేశారంట" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు.

"కాయలు అయిపోతే సగటు తగ్గుతుంది కదమ్మా?"

"తగ్గుతుందండీ. మళ్ళీ అప్లై చేస్తే మళ్ళీ రావచ్చు. మళ్ళీ వేసవికి పోతుంది."

"అయితే ఆవిడ పేరు మా మీటరు నుంచి తీసేయండి."

"తీస్తే దేనికి కలపాలండీ? ఆవిడ గదిలో లైటు వెలుగుతోంది కదా. వెలుగుతుంటే ఏదో ఒక మీటరు ఉండాలి."

తర్కం బాగుంది. దివాణంలో కూడా ఇంత బాగా మాట్లాడేవాళ్ళు ఉండి ఉండరు. వెళ్ళిపోబోతుంటే ఆ అమ్మాయి మంచి మనసుతో ఇంకో మాట అంది. "సార్, మీకూ అరవై దాటాయి కదండీ. భూమి లిమిట్ లోపే ఉంది. కారు లేదు, ఇన్‌కమ్ టాక్స్ లేదు, గవర్నమెంటు పెన్షన్ లేదు. ఒక్క మీటరు తప్ప మీరు కూడా ఎలిజిబులేనండీ."

క్యూలోవాళ్ళు మెడలు చాచి చూశారు. "నేను నా గురించి రాలేదు" అని వచ్చేశాను. దారిలో లెక్క చూసుకున్నాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. పేదవాణ్ణి కావడానికి నాకున్న అనర్హత ఒక్కటే, అది గోడకు వేలాడుతోంది. ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడతో అంటే, "మరి ఆ మీటరుకి రోజూ పసుపూ కుంకుమా పెడదామా?" అంది.

మొదటి అర్జీ రెండు పేజీలు. మొదటి పేజీ మా తాతగారి గురించి. ఆ తీగ ఏ సందర్భంలో లాగారో తెలియకపోతే అధికారులకు విషయం బోధపడదని నా ఉద్దేశం. సోమవారం అర్జీల రోజున నూజివీడు సబ్ కలెక్టరు ఆఫీసుకు వెళ్ళి స్వయంగా ఇచ్చాను. అర్జీదారులకు అక్కడ కుర్చీలు వేస్తారు. వీపు ఆనించకుండా కూర్చున్నాను. పదిహేను రోజుల తర్వాత, మీ అర్జీ పరిష్కరించబడినది అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. తోటమామ్మకు చెప్పాను. ఆవిడ మా ఆవిడకు చెప్పి, చర్చిలో స్తుతి చెప్పించుకుంది. ఒకటో తారీఖున మళ్ళీ చెయ్యి కడుక్కుని నిలబడింది. రాలేదు.

సచివాలయం అమ్మాయిని అడిగాను. కంప్యూటరులో చూసి చదివింది. "లబ్ధిదారు అనర్హురాలని నిర్ధారించి అర్జీ ముగించడమైనది, అని ఉందండీ."

"పరిష్కారం అంటే అదా?"

"అనర్హురాలని తేలిపోయింది కాబట్టి ఇంక సమస్య లేదని, సార్."

ఆ వారమే కరెంటు బిల్లు వచ్చింది. అందులో సర్దుబాటు ఛార్జీ అని ఒక వరస ఉంది. ఎప్పుడో వాడేసి, బిల్లు కూడా కట్టేసిన కరెంటుకు అప్పట్లో ధర సరిగ్గా తెలియలేదు కాబట్టి ఇప్పుడు మిగతాది ఇవ్వాలని దాని అర్థం. మామిడి వ్యాపారంలో ఈ పద్ధతి లేదు. కాయ తినేసి టెంక పారేసినవాణ్ణి రెండేళ్ళ తర్వాత పట్టుకుని, ఆ పండు తియ్యగా ఉంది గనక ఇంకా ఇవ్వమంటే యార్డులో కొడతారు. రెండో అర్జీలో పెన్షన్ సంగతితో పాటు దీన్నీ అడిగాను. అదీ పొరపాటే. ప్రభుత్వాన్ని రెండు ప్రశ్నలడిగితే సులువైనదానికి జవాబు చెబుతుంది. ఛార్జీలు నియమాల మేరకే వసూలు చేస్తున్నామనీ, వినియోగదారులు విద్యుత్తును పొదుపుగా వాడాలనీ జవాబు వచ్చింది. పెన్షన్ మాట లేదు.

తర్వాత ఫోనొచ్చింది. ఒక ఆడగొంతు, మీ అర్జీ పరిష్కారం పట్ల సంతృప్తిగా ఉన్నారా అని అడిగింది.

"అమ్మా, మీ మర్యాదకు సంతోషం. కానీ విషయం ఏమిటంటే, మా తాతగారి కాలంలో..." అని మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే, ఉంటే ఒకటి నొక్కండి అంది.

"నన్ను పూర్తిగా చెప్పనివ్వండి."

"లేకపోతే రెండు నొక్కండి."

మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, ఆవిడ మనిషి కాదు" అంది. రెండు నొక్కాను. అర్జీ మళ్ళీ తెరుచుకుంది, నాలుగు రోజుల్లో మళ్ళీ మూసుకుంది. కాకపోతే ఈసారి జవాబులో కొత్త వాక్యం ఒకటి ఉంది. సదరు నివాసం విద్యుత్తు తమదేనని సర్వీసు యజమాని సర్వే సమయంలో స్వయంగా ధ్రువీకరించినందున మార్పు సాధ్యపడదు.

ఆ వాక్యాన్ని నిలబడి చదివాను. తర్వాత కూర్చుని చదివాను.

పెన్షన్ ఆగడానికి ఆరు నెలల ముందు ఇంటింటి సర్వేకి ఒకావిడ ఫోను పట్టుకుని వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, ఆ వెనక గదికి వేరే మీటరుందా సార్ అని అడిగింది. ఉందనో లేదనో చెబితే సరిపోయేది. చివరికి, వాళ్ళ సంగతి వాళ్ళనే అడగండి అన్నా సరిపోయేది. నేను వసారాలోంచి లేచి వచ్చి, "ఈ ప్రహరీ లోపల వెలిగే ప్రతి దీపమూ మాదే. మా తాతగారి నాటి నుంచీ మాదే. అలాగే రాసుకోండి" అన్నాను. ఆవిడ ఫోనులో ఒక గడిలో టిక్కు పెట్టుకుంది. ఇంత మంచి వాక్యానికి ఒక్క టిక్కేనా అని కూడా అనుకున్నాను. ఆ ఒక్క టిక్కే తోటమామ్మ పెన్షన్ మింగింది. అది పెట్టించింది నేను.

ఆ సంగతి మామ్మకు చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణాలు అప్పట్లో చాలా కనిపించాయి. ఇప్పుడు వెతికితే ఒక్కటీ దొరకడం లేదు.

ఆవిడ మళ్ళీ పనిలోకి దిగింది. వానాకాలంలో తోటల్లో ఎండు కొమ్మలు ఏరడం, ఎవరింట్లోనో తాండ్ర ఆరబెట్టిన చాపలు కడగడం, ఏది దొరికితే అది. మా ఆవిడ అన్నం గిన్నె పంపితే ఒకరోజు తీసుకుంది, రెండో రోజు కడిగి వెనక్కి పంపింది. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటోందని తర్వాత తెలిసింది. రెండు నెలలన్నది మూడు అయింది. చింతలపూడి నుంచి కూతురు ఫోను చేసి, అమ్మ బట్టలు సర్దుకుందో లేదో చూడమని మా ఆవిణ్ణి అడిగింది.

అప్పుడు లైన్‌మన్ ఒక ఉపాయం చెప్పాడు. ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే యూనిట్లు తగ్గుతాయి, ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది, సగటు ఏడాది పొడుగునా మూడు వందల లోపే ఉంటుంది, మామ్మ పెన్షన్ కూడా ఆగదు. బాగుందనిపించింది. సూర్యుడి ముందు మేము ఎప్పుడూ తలవంచే ఉన్నాం, కొత్తగా పోయే పరువేమీ లేదు. అయినా జాగ్రత్త కోసం మూడో అర్జీ రాశాను. సూర్యుడి నుంచి వచ్చే యూనిట్లను పెన్షన్ లెక్కలో నా వాడకంలో కలుపుతారా, కలపరా అన్నదొక్కటే ప్రశ్న. ఈసారి తాతగారిని కూడా ఎత్తలేదు. పెన్షన్ల వాళ్ళు అది విద్యుత్తుకు సంబంధించినదని అటు పంపారు. విద్యుత్తు వాళ్ళు అది పెన్షన్లకు సంబంధించినదని ఇటు పంపారు. చివరికి వచ్చిన జవాబులో, పునరుత్పాదక ఇంధనం పట్ల మీ ఆసక్తికి అభినందనలు అని ఉంది. పేజీ అడుగున సబ్సిడీ వివరాలున్నాయి.

అభినందించారు గదా అని సోలార్ కంపెనీ మనిషిని పిలిపించాను. నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. కాసేపటికి పెంకుల మీద నుంచి తల బయటపెట్టి, "సార్, మీ ఇంటి మీద ఎండ లేదండీ" అన్నాడు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే నూజివీడు ఇది. విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలు మా ఊళ్ళో బస్సు దిగి, ఎండకు భయపడి అదే బస్సు ఎక్కి వెళ్ళిపోయిన రోజులున్నాయి. అలాంటి చోట ఎండ లేని ఇల్లు మాదొక్కటే. దక్షిణం వైపు ముత్తాతగారు నాటిన రెండు పెద్దరసం చెట్లు ఇంటినీ, పక్కనున్న షెడ్డునూ కప్పేశాయి.

"ఈ రెండూ కొట్టించేస్తే బ్రహ్మాండంగా వస్తుంది సార్. ఈ పెంకులు కూడా తీసేసి రేకులు వేసుకుంటే ఇంకా మంచిది."

"ఇంకేమైనా తీసేయాలా?"

"అంతేనండీ."

మా ఆవిడ కింద నుంచి, "మమ్మల్ని ఉంచుతారా బాబూ?" అని అడిగింది. అతను నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు. చెట్లు ఉన్నాయి. చాలా రోజులు వాటి కింద కూర్చుని ఆలోచించాను. ఒక్కోసారి, కొట్టించేద్దామని కూడా అనుకున్నాను. మామ్మే వారించింది. "ఆటి మీదున్న పిట్టల పింఛను తీసి నాకిస్తారా బాబుగారూ?" అంది.

ఇంక మిగిలింది ఒకటే దారి. ఆ గదికి వేరే మీటరు కావాలంటే వేరే ఇంటి నంబరు ఉండాలి. ఇంటి నంబరు కావాలంటే స్థలం ఆవిడ పేరు మీద ఉండాలి. సచివాలయం అమ్మాయి ఈ సంగతి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. విన్నప్పుడు నా ఛాతీ కొంచెం విచ్చుకుందని ఒప్పుకుంటాను. ఎన్నాళ్ళకో మా ఇంటికి తగిన పని దొరికింది. ఆ గదీ, దాని చుట్టూ రెండు సెంట్లూ తోటమామ్మకు దానంగా రాసిస్తాను. దస్తావేజులో ఏ మాటలు ఉండాలో దారిలోనే కూర్చుకున్నాను. మా వంశాభివృద్ధికి తరతరాలుగా సేవలందించిన కుటుంబానికి కృతజ్ఞతా పూర్వకంగా, అని మొదలవుతుంది.

సాయంత్రం ఆవిడ గది ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. మా ఆవిడ కూడా వచ్చింది. మామ్మ అంతా విని, చీర కొంగుతో మొహం తుడుచుకుంది. కన్నీళ్ళనుకున్నాను. చెమట.

"ఒద్దండి" అంది.

"ఏమొద్దు?"

"ఊరికే ఇయ్యొద్దు. అమ్మండి, కొనుక్కుంటాను. పొదుపు సంఘంలో దాచింది ఉంది, మిగతాది వాళ్ళే లోనిస్తారు. పింఛనొస్తే తీర్చుకుంటా."

"నీ దగ్గర డబ్బు తీసుకుని స్థలం అమ్మాలా? మా ఇంట్లో అలాంటిది..."

"మీ ఇంట్లో అమ్మందేవుంది బాబుగారూ?" ఆవిడ గొంతులో కోపం లేదు. వాన పడేట్టుంది అన్నట్టు అంది. "తూర్పు తోట అమ్మారు, చెరువు కింద పొలం అమ్మారు, మీ అమ్మగారి వెండి కంచం నేనే గుడ్డలో చుట్టి బజారుకి మోసుకెళ్ళాను. నా కాడికొచ్చేసరికి దానమా?"

మా ఆవిడ పక్కకు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దానమైతే నీకు తేలిక కదా, మామ్మా" అన్నాను.

"ఇచ్చింది ఎప్పటికీ మీదేనంటారు. బల్బు ఇచ్చారు గదండి. ఆ సర్వే ఆవిడొచ్చిన రోజు నేను ఆ చెట్టు కింద ఆకులూడుస్తన్నాను. చీపురు నా చేతిలోనే ఉంది. ప్రతి దీపం మాదే, అట్టాగే రాసుకోండని మీరంటే విన్నాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"అర్జీలు రాస్తన్నారు గదా. రాసుకోనీ అనుకున్నా."

ఆ చెట్టు మీద కాకి ఏదో అరిచింది. ఆవిడ పైకి చూసి, "చెట్టు కూడా కలిపి కొలిపించండి. గోడకీ గదికీ మధ్యనుంది, అది మీ వైపు పెడితే గీత వంకరొస్తది" అంది.

"అది తాతగారి చెట్టు."

"నీళ్ళు పోసింది మా ఆయన."

సర్వేయరు వచ్చాడు. గీత తిన్నగా వచ్చింది. చెట్టు అటువైపు పోయింది. తక్కువ ధర చెబుదామని చూశాను, ప్రభుత్వం రాసిన విలువకు ఒక్క రూపాయి తగ్గినా ఊరుకోనంది. ఎవరైనా రేపు, అయ్యగారు దయతో ఇచ్చారు అనకూడదట. మా ఆవిడ నాతో, "బేరంలో ఎక్కువకు పోరాడిన కొనుగోలుదారుని మీ యార్డులో ఎప్పుడైనా చూశారా?" అని అడిగింది. చూడలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు రాసేవాడు నా వాక్యం కొట్టేశాడు. వంశాభివృద్ధి అవీ పెడితే అమ్మకం కాదు, వేరేదవుతుంది సార్ అన్నాడు. అమ్మువారు, కొనువారు అని రాశాడు. పెద్దావిడని చూసి గుమాస్తా ఒక కుర్చీ తెచ్చి వేశాడు. కొనువారు కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. మామ్మ నా వైపు చూసి లేవబోయింది.

"కూర్చో" అన్నాను. "వీపు ఆనించుకో."

"ఎందుకండీ?"

"సుఖంగా ఉంటుంది."

ఆనించుకుంది. వేలిముద్ర అక్కడే వేసింది. ఈసారి మిషన్ ఏమీ అనలేదు.

ఇంటి నంబరు రావడానికి ఒక నెల, మీటరు రావడానికి ఇంకో నెల పట్టాయి. మా గోడ నుంచి ఆ గదికి వెళ్ళే పాత తీగను లైన్‌మన్ కత్తిరించి, చుట్టచుట్టి నా చేతికిచ్చాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక బీరువా మీద పెట్టాను. ఆ రాత్రి మాకూ ఆ గదికీ మధ్య పెరట్లో ఏం మారిందో చూద్దామని వసారాలోకి వచ్చాను. ఏమీ మారలేదు, బల్బు అలాగే వెలుగుతోంది.

సచివాలయంలో నాకున్న చివరి భయం ఆరు నెలల సగటు. కొత్త మీటరుకి ఆరు నెలలు నిండాలంటే చింతలపూడి తప్పదు. అమ్మాయి కంప్యూటరులో చూసి, "కొత్త సర్వీసు కదండీ, హిస్టరీ ఏమీ లేదు. హిస్టరీ లేకపోతే అడ్డం లేదు" అంది. చరిత్ర లేకపోవడం ఒక అర్హత అవుతుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. కొత్త సంవత్సరం మొదటి తారీఖున తోటమామ్మ చెయ్యి కడుక్కుని తన గుమ్మంలో నిలబడింది. ఉద్యోగి మిషన్ చూసి, వేలు పెట్టమన్నాడు. డబ్బు లెక్కపెట్టుకుని జాకెట్లో పెట్టుకుంది. చింతలపూడి కూతురికి ఫోను చేసి, బట్టలు సర్దుకోలేదని చెప్పింది. కానుక వేయడానికి ఆదివారం దాకా ఆగాల్సి వచ్చినందుకు విసుక్కుంది కూడా.

ఆ వారంలోనే నా ఫోనుకు ఇంకో మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడినది. ఏ అర్జీ అని చూస్తే, మొదటిది. దాన్ని ఎవరో మళ్ళీ తెరిచి మళ్ళీ మూసినట్టున్నారు. సంతృప్తిగా ఉన్నారా అని ఆ ఆడగొంతు మళ్ళీ అడిగింది. ఈసారి తాతగారి సంగతి ఎత్తలేదు. ఒకటి నొక్కాను.

గుత్త వ్యాపారి ఎప్పట్లాగే మాఘమాసంలో పూత చూడటానికి వచ్చాడు. మా రెండెకరాలూ చూశాడు, ధర మాట్లాడాడు. చేతులు కడుక్కుని, పెరటి దారిన తోటమామ్మ గుమ్మం ముందు ఆగాడు. వాళ్ళిద్దరూ చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఒకసారి ఆవిడ గొంతు పెరిగింది, ఒకసారి అతను వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పేపరు చదువుకుంటున్నాను.

రెండు సెంట్ల స్థలం, ఒక పెంకుటిగది, ఒక చిన్నరసం చెట్టు మేము అమ్మాం. ఆ చెట్టు కాపు ఈ ఏడు పూత మీదే అమ్ముడుపోయింది.